పొగ లేని నిప్పు

2011లో అమెరికాలో ఆరు నెలల ఎడంతో రెండు ఆత్మకథలు వెలువడ్డాయి. రెండింటి రచయితలదీ చికాగో నగరమే. మొదటిది గ్రాంట్ ఏకెట్స్ అనే వంటవాడు తన వ్యాపార భాగస్వామి నిక్ కొకోనస్‌తో కలిసి రాసిన ‘లైఫ్, ఆన్ ద లైన్’. రెండవది రోజర్ ఈబర్ట్ అనే సినిమా విమర్శకుడి ‘లైఫ్ ఇట్‌సెల్ఫ్’. ఒకరికి నాలుకే జీవనాధారం. మరొకరు నలభై ఏళ్లకు పైగా మాటనే నమ్ముకుని బతికినవారు. వ్యాధి వంటవాడి వద్దకు వచ్చి రుచిని అడిగింది, మాటకారి వద్దకు వచ్చి గొంతును అడిగింది. పురాణాల్లో ఇటువంటి అడగడాలు మనం చదివాం. కర్ణుడి వద్దకు వచ్చినవాడు కవచకుండలాలే అడిగాడు, ఏకలవ్యుడి గురువు బొటనవేలే కోరాడు. అయితే అక్కడ అడిగినవాడికి ఒక ఉద్దేశం ఉంది. ఇక్కడ అది లేదు. ఈ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని చదివే పాఠకుణ్ణి చివరిదాకా వెంటాడేది ఆ ఉద్దేశం లేకపోవడమే.

ఏకెట్స్ మిషిగన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరివాడు. తల్లిదండ్రులది హోటల్ వ్యాపారం. పొయ్యి దగ్గరే పెరిగాడు. కాలిఫోర్నియాలో థామస్ కెల్లర్ వద్ద వంట నేర్చుకుని, 2005 మే నెలలో చికాగోలో ‘అలీనియా’ అనే భోజనశాల తెరిచాడు. మరుసటి ఏడు ‘గూర్మే’ పత్రిక దానిని అమెరికాలోకెల్లా ఉత్తమమైన భోజనశాలగా ఎంచింది. అతని వంటకాలలో ఒకటి పాఠకులకు ప్రత్యేకంగా గుర్తుండిపోతుంది. మండుతున్న ఓక్ ఆకుల మీద నిలిపి వడ్డించే మాంసం ముక్క అది. చిన్ననాడు తన ఊళ్లో శరదృతువులో ఎండుటాకులు పోగుచేసి తగలబెట్టినప్పుడు వచ్చే వాసన తినేవారికి తగలాలని అతని కోరిక. పొగను జ్ఞాపకంగా మార్చి వడ్డించినవాడు అతడు. తాను మాత్రం పొగ తాగే మనిషి కాదు.

నాలుక పక్కన ఒక తెల్ల మచ్చ చాలా ముందే కనిపించింది. పని ఒత్తిడిలో నాలుక కొరుక్కుంటున్నారని దంతవైద్యులు చెప్పారు. ముప్పై ఏళ్ల వయసు, ధూమపానం లేదు, ఒళ్లు దాచుకోకుండా రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు పనిచేసే మనిషి. అటువంటివాడి నాలుక మీద పుండు కనిపిస్తే పళ్ల మీదే కదా అనుమానం! 2007 జూలైలో అసలు సంగతి బయటపడింది. నాలుక క్యాన్సర్, నాలుగవ దశ. అప్పటికి అతని వయసు 33. నాలుకలో అధికభాగం తీసివేయడమే మార్గమన్నారు తొలుత చూసిన వైద్యులు. చికాగో విశ్వవిద్యాలయ వైద్యులు మరొక మార్గం చూపించారు. ముందు మందులతో కణితిని కుదించి, ఆ తర్వాత మందులూ రేడియేషనూ కలిపి ఇస్తామన్నారు. నాలుక నిలిచింది, రుచి పోయింది. రుచి తెలియని వంటవాడు అదే వంటశాలలో నిలబడి, కొత్త వంటకాలను కాగితం మీద బొమ్మలుగా గీసి, సహాయకుల నాలుకలతో రుచి చూపించుకుంటూ పని సాగించాడు. నలభీమపాకం అనే మాటను మనం తేలిగ్గా వాడేస్తాం. ఇటువంటి పరీక్ష నలుడికీ రాలేదు, భీముడికీ రాలేదు.

ఈబర్ట్ కథ వేరు. ఆయన 1967 నుంచి ‘చికాగో సన్-టైమ్స్’ పత్రికకు సినిమా సమీక్షలు రాశారు. 1975లో విమర్శకు పులిట్జర్ బహుమతి పొందారు. ఆ గౌరవం దక్కిన మొదటి సినిమా విమర్శకుడు ఆయనే. జీన్ సిస్కెల్‌తో కలిసి టీవీలో చేసిన వాదోపవాదాలు అమెరికా ఇళ్లన్నింటికీ పరిచయం. 2002లో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది, తర్వాత లాలాజల గ్రంథిలో వచ్చింది. 2006లో కింది దవడ ఎముకలో కొంత తీసివేశారు. కోలుకుని ఇంటికి బయలుదేరుతుండగా, ఆసుపత్రి గదిలోనే ఉన్నప్పుడు, మెడలోని పెద్ద ధమని తెగింది. ఇష్టమైన పాట ఒకటి విని వెళదామని కాసేపు ఆగకపోయి ఉంటే దారిలోనే ప్రాణం పోయేది. ఆ తర్వాత చేసిన శస్త్రచికిత్సలేవీ దవడను నిలబెట్టలేకపోయాయి. తినడం, తాగడం, మాట్లాడడం మూడూ ఒకేసారి ముగిశాయి. కడుపులోకి అమర్చిన గొట్టం ద్వారా ఆహారం తీసుకుంటూ, చేత్తో రాస్తూ, కంప్యూటర్ చేత మాట్లాడిస్తూ 2013 ఏప్రిల్ వరకు జీవించారు. మునుపెన్నడూ రాయనంతగా రాసింది ఆ ఏళ్లలోనే.

తల, మెడ భాగాల క్యాన్సర్ అనగానే మన సమాజంలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. “ఏం, చుట్టలూ బీడీలూ తాగేవాడా?” లేదంటే, “గుట్కా వేసేవాడా?” పరామర్శకు వచ్చినవారు పళ్లబుట్ట బల్లమీద పెట్టి కూర్చోగానే, గొంతు తగ్గించి ఇంటివారిని అడుగుతారు. అందులో కుతూహలం ఉంది, కొంత ఊరట కోసం వెతుకులాట కూడా ఉంది. ‘అవును’ అనే జవాబు వస్తే అడిగినవారి మనసు కుదుటపడుతుంది. చేసిన తప్పుకు వచ్చిన ఫలితం ఇది, ఆ తప్పు మనం చేయలేదు, కనుక మన ఇంటికి ఇది రాదు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతను తిరగవేసి, పొగ లేనిదే నిప్పు రాదని నమ్మడమే ఈ ఊరట. ‘లేదండీ, ఆయన కాఫీ తప్ప ఏమీ ఎరుగరు’ అనే జవాబు వస్తే మాత్రం గదిలో ఒక ఇబ్బందికరమైన నిశ్శబ్దం ఏర్పడుతుంది. వచ్చినవారు రోగిని చూసే చూపులో జాలి పోయి భయం చేరుతుంది. కొందరిలో అనుమానం కూడా చేరుతుంది.

ఆ ప్రశ్న అకారణంగా పుట్టినది కాదు. ప్రపంచవ్యాప్తంగా చూస్తే నోరు, గొంతు, స్వరపేటికల క్యాన్సర్లకు ఈనాటికీ పెద్ద కారణాలు పొగాకూ మద్యమూనే. తెలుగునేల ఈ పాఠాన్ని ప్రపంచానికి చెప్పిన చోట్లలో ఒకటి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరగ్రామాలలో ఆడవారు చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే అలవాటు తరతరాలుగా ఉండేది. దానిని అడ్డపొగ అంటారు. గాలికి చుట్ట ఆరిపోకుండా, బూడిద రాలకుండా, చేతులు పనిలో ఉండగానే తాగవచ్చునని చెప్పేవారు. మిగతా ప్రాంతాలలో అంగిలి క్యాన్సర్ అరుదు. ఆ పల్లెల్లో మాత్రం అదే ఎక్కువగా కనిపించింది. విశాఖపట్నం వైద్యులు 1960, 70 దశకాలలో చేసిన పరిశీలనలు వైద్యగ్రంథాల్లోకి ఎక్కాయి. ‘అడ్డపొగ’ అనే తెలుగు మాట ఇంగ్లీషు వైద్యపత్రికలలో అచ్చయింది. నిప్పు తగిలిన చోటనే క్యాన్సర్ పుట్టింది. కార్యకారణ సంబంధం ఇంత స్పష్టంగా, కళ్లకు కట్టినట్టు కనిపించే సందర్భాలు వైద్యశాస్త్రంలో ఎక్కువ ఉండవు.

ఆ స్పష్టతే మనసులో ఒక తప్పుడు తర్కానికి దారి తీసింది. పొగ తాగితే క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది అన్నది నిజం. క్యాన్సర్ వచ్చిందంటే పొగ తాగి ఉండాలి అన్నది నిజం కాదు. సినిమా హాలులో బొమ్మ మొదలయ్యే ముందు వేసే హెచ్చరిక ప్రకటనలు మొదటి మాటను బలంగా నాటాయి. వినేవారు దానితోపాటు రెండవ మాటను కూడా తమంతట తామే నాటుకున్నారు. దీనివల్ల జరిగే నష్టం మాటపట్టింపుతో ఆగదు. అలవాట్లు లేని మనిషి తన నోటిలోని పుండును తేలిగ్గా తీసుకుంటాడు. చూసే వైద్యుడు కూడా కొన్నిసార్లు తేలిగ్గానే తీసుకుంటాడు. ఏకెట్స్ నాలుక మీది మచ్చ పళ్ల ఖాతాలో జమ కావడానికి కారణం అదే. మూడు వారాలు దాటినా మానని పుండు, తుడిస్తే పోని తెల్ల మచ్చ లేక ఎర్ర మచ్చ, నొప్పి లేకుండా మెడలో నిలిచిపోయిన గడ్డ, తగ్గని బొంగురు గొంతు, ఒకవైపే పట్టుకుని వదలని చెవిపోటు, మింగుడు పడకపోవడం. వీటికి మనిషి సద్వర్తనంతో పనిలేదు. వీటిని పరీక్ష చేయించుకోవాలి.

పొగ తాగనివారికి ఈ వ్యాధి ఏ దారిన వస్తుంది? దారులు ఒకటి కాదు, అనేకం. ఈబర్ట్ తన విషయంలో ఒక దారిని గుర్తించానని అనుకున్నారు. చిన్ననాడు చెవి నొప్పికి ఆయనకు రేడియేషన్ చికిత్స చేశారు. ఈనాడు ఇది వింటే ఒళ్లు జలదరిస్తుంది కానీ, 1930ల నుంచి 50ల దాకా అమెరికాలో టాన్సిల్స్ వాచినా, మొటిమలు వచ్చినా, తలలో తామర లేచినా పిల్లలకు ఎక్స్-కిరణాలు పట్టడం మామూలు వైద్యం. శ్రద్ధగల తల్లిదండ్రులే, కొత్త వైద్యం తమ బిడ్డకు అందాలని తాపత్రయపడినవారే అది చేయించారు. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలలో చాలామందికి పసితనంలో మెడ దగ్గర రేడియేషన్ ఇచ్చినట్టు 1950లో వైద్యులు గమనించి ప్రకటించారు. 1970లలో చికాగోలోనే ఒక ఆసుపత్రి తన పాత రోగుల చిరునామాలు వెదికి, వేల మందిని పిలిపించి మెడలు పరీక్షించింది. తప్పు రోగిది కాదు, తల్లిది కాదు, ఆనాటి విజ్ఞానం తెలిసినంతమేరకు పనిచేసిన వైద్యుడిది కూడా కాదు. అయినా శిక్ష పడింది, అదీ యాభై ఏళ్ల తర్వాత పడింది. ఈబర్ట్ ఆ సంగతిని కోపం లేకుండా, దాదాపు ఒక సమాచారంగా చెబుతారు. పగ తీర్చుకోవడానికి ఎవరూ లేనప్పుడు మనిషి ఎంత హుందాగా ఉండగలడో తెలుసుకోవడానికైనా ఆయన రచన చదవదగినది.

రెండవ దారి మన పెరటిలోదే. వక్క. పెళ్లి మాట ఖాయమైతే తాంబూలాలు పుచ్చుకుంటాం. ఇంటికి వచ్చిన ముత్తైదువను తాంబూలం ఇవ్వకుండా పంపం. భోజనానంతరం ఇంత వక్కపొడి నోట్లో వేసుకోవడం అలవాటు అని కూడా అనిపించని అలవాటు. పొగాకు కలిపితేనే హాని అని చాలాకాలం అనుకున్నారు. పొగాకు లేని తాంబూలమూ, వక్క తనంతట తానూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. దీని వెనుక వలస వెళ్లిన భారతీయుల కథ కూడా ఉంది. నోరు క్రమంగా బిగుసుకుపోయి, తెరుచుకోక, కారం తగిలితే మండిపోయే జబ్బును 1952లో ఒక వైద్యుడు వర్ణించాడు. ఆయన చూసినవారు తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో స్థిరపడిన అయిదుగురు భారతీయ స్త్రీలు. ఆ జబ్బు వక్క నమలడం వల్ల వస్తుందనీ, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుందనీ తర్వాత తెలిసింది. దక్షిణాఫ్రికా నాతాల్ ప్రాంతానికి 1860 నుంచి చెరకు తోటల కూలికి వెళ్లినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడి భారతీయ స్త్రీలలో చాలామంది పొగాకు ముట్టకుండా వక్క మాత్రం నమిలేవారు. నోటి క్యాన్సర్ వారిని వెతుక్కుంటూ వచ్చింది. భాషలు పోయాయి, ఇంటిపేర్లు రూపుమారాయి, సముద్రం దాటి తరాలు గడిచినా వక్క మాత్రం వెంటే ఉంది. ఇంటిని మరచిపోకుండా ఉండేందుకు నోటిలో పెట్టుకున్నదే నోటిని మూసివేసింది.

మూడవ దారి గురించి మాట్లాడడమే కష్టం. నలభై అయిదు, యాభై ఏళ్ల మనిషి ఒకనాటి ఉదయం గడ్డం గీసుకుంటుండగా మెడ పక్కన గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి లేదు, జ్వరం లేదు. మందులు వాడితే తగ్గదు. పరీక్షలు చేస్తే టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో దాగి ఉన్న చిన్న క్యాన్సర్ బయటపడుతుంది, దాని వెనుక హ్యూమన్ పాపిలోమా వైరస్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఈ వైరస్ కారణమని 1980లలో చూపించినందుకు జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జూర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. అదే వైరస్ గొంతు క్యాన్సర్లలో ఒక ప్రత్యేకమైన తెగకు మూలమని 2000లో మౌరా గిల్లిసన్ బృందం నిరూపించింది. టాన్సిల్ ఉపరితలం నున్నగా ఉండదు, లోతైన గుంటలతో నిండి ఉంటుంది. ఆ గుంటల అడుగున పొర పలచన. వైరస్ అక్కడ చేరి ఏళ్ల తరబడి నిద్రిస్తుంది. అమెరికాలో గొంతు వెనుక భాగంలో వచ్చే క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఈ వైరస్ వల్లనే అని అంచనా. సంఖ్యలో ఇవి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను ఆ దేశంలో దాటిపోయాయి. రోగులలో ఎక్కువమంది మగవారు.

ఈ వైరస్ శరీర సంపర్కం ద్వారా సోకుతుంది. ఆ ఒక్క వాక్యం పరీక్షగదిలో పలికిన క్షణాన వ్యాధి మెడలో నుంచి లేచి కాపురంలోకి వచ్చి కూర్చుంటుంది. ప్రవాసంలో స్థిరపడిన తెలుగు దంపతులు పక్కపక్కన కూర్చుని ఉంటారు. ‘మా ఇంట్లో సిగరెట్టు వాసనే ఎరగం డాక్టరుగారూ’ అని అంతకు కాసేపటి ముందే భార్య గర్వంగా చెప్పి ఉంటుంది. వైరస్ పేరు వినగానే భర్త నేలచూపులు చూస్తాడు, తప్పు చేసి కాదు, తనను నమ్మరేమోనని. ఆవిడ ఏమీ అనదు. ఇంటికి వెళ్లాక అర్ధరాత్రి ఫోనులో ఆ మాటను వెదుకుతుంది. మూడు నాలుగు పంక్తులు చదివేసరికి పాతికేళ్ల దాంపత్యం ఒకసారి కళ్లముందు తిరుగుతుంది. ‘ఎవరు? ఎప్పుడు?’ అనే ప్రశ్నలు పుడతాయి. అడగదు. రేడియేషన్‌కు కారు నడుపుకుంటూ తీసుకువెళుతుంది, జావ కాచి ఇస్తుంది, అడగకుండానే మౌనంగా ఉంటుంది. అతడు నొప్పిని భరిస్తాడు, ఆ మౌనాన్ని భరించలేడు.

ఆ గదిలో వైద్యుడు చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి, చెప్పకపోతే చికిత్స సగమే అయినట్టు. దాంపత్యజీవితం మొదలుపెట్టిన స్త్రీపురుషులలో దాదాపు అందరికీ ఏదో ఒక దశలో ఈ వైరస్ కుటుంబంలోని ఏదో ఒక రకం సోకుతుంది. అత్యధికులలో ఒకటి రెండేళ్లలో శరీరమే దానిని తుడిచిపెడుతుంది. ఎవరికీ తెలియను కూడా తెలియదు. బహు కొద్దిమందిలో అది నిలిచిపోతుంది. నిలిచిపోయినదానిలోనూ కొద్దిభాగం మాత్రమే, దశాబ్దాల తర్వాత క్యాన్సర్ అవుతుంది. ఎవరి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని చెప్పగల పరీక్ష లేదు. జీవితంలో ఒక్కరితోనే కాపురం చేసినవారికీ ఇది రావచ్చు. కాబట్టి ఈ వ్యాధి నిన్నటి ద్రోహానికి సాక్ష్యం కాదు. జలుబుకు ఎవరినీ బోనులో నిలబెట్టం. దీనికీ నిలబెట్టనక్కరలేదు. దంపతులు దూరంగా ఉండనవసరం లేదు. భార్య తన వయసు ప్రకారం చేయించుకోవలసిన మామూలు పరీక్షలు చేయించుకుంటే చాలు. ఇంకొక మంచిమాట కూడా ఉంది. ఈ రకం క్యాన్సర్ పొగాకు వల్ల వచ్చే గొంతు క్యాన్సర్ కంటే చికిత్సకు మెరుగ్గా లొంగుతుంది. ఆ తేడా ఎంతదంటే, 2018 నుంచి దీని దశలను వేరుగా లెక్కించడం మొదలుపెట్టారు. లొంగుతోంది కదా అని తేలిక మందు ఇచ్చి చూసిన రెండు పెద్ద ప్రయోగాలు మాత్రం అదే ఏడు ఎదురుదెబ్బ తిన్నాయి. పాత మందు సిస్ప్లాటిన్ స్థానంలో సెటుక్సిమాబ్ పొందినవారిలో మరణాలు పెరిగాయి. శత్రువు మెతకవాడైనా ఆయుధం మార్చేముందు ఆలోచించాలన్న పాఠం కొందరి ప్రాణాల ఖరీదుతో తెలిసింది.

ఈ మూడు దారులూ కాక నాలుగవది కూడా ఉంది. అది దారి అనిపించుకోనిది. పొగాకు లేదు, వక్క లేదు, మద్యం లేదు, వైరస్ ఆనవాలు లేదు, రేడియేషన్ చరిత్ర లేదు, అయినా నాలుక మీద క్యాన్సర్. ముప్పైలలో ఉన్న స్త్రీపురుషులకు కూడా ఇలా వస్తుంది. కణం విభజన చెందిన ప్రతిసారీ కోట్ల అక్షరాల గ్రంథాన్ని ఎత్తి రాస్తుంది. తాళపత్రాలు ఎత్తి రాసిన లేఖకుల చేతిలో అచ్చుతప్పులు దొర్లినట్టు, అక్కడా దొర్లుతాయి. చాలా తప్పులు అర్థం మార్చవు. ఏదో ఒక తప్పు అర్థాన్నే తలకిందులు చేస్తుంది. లేఖకుడికి దురుద్దేశం లేదు. ఈ సమాధానం మనసుకు ఎక్కదు. మనిషికి కారణం కావాలి, చెడ్డ కారణమైనా ఫరవాలేదు. ఈ జన్మలో దొరకకపోతే పూర్వజన్మకు వెళ్లి వెతుకుతాం. కర్మ సిద్ధాంతం తన బాధను తాను మోసుకోవడానికి మనిషికి చేతికర్ర కావచ్చు. ఎదుటివాడి బాధను కొలిచే తూకపురాయిగా మారినప్పుడే అది క్రూరమవుతుంది.

కారణం తెలిసిన చోట చేయగలిగిన పని ఉంది. వైరస్ టీకా 2006లో వచ్చింది. ఆస్ట్రేలియా 2007లో ఆడపిల్లలకూ, 2013లో మగపిల్లలకూ బడుల్లోనే ఇవ్వడం మొదలుపెట్టింది. గొంతు క్యాన్సర్ నివారణను కూడా ఈ టీకా ప్రయోజనాలలో ఒకటిగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో చేర్చింది. తెలుగునేల మీద ఈ టీకా చరిత్ర వేరే విధంగా మొదలైంది. 2009లో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు ఒక ప్రయోగాత్మక పథకం కింద టీకాలు వేశారు. వారిలో చాలామంది గిరిజన బాలికలు, వసతిగృహాలలో చదువుకునేవారు. అనేకమంది విషయంలో తల్లిదండ్రుల సంతకం ఉండవలసిన చోట వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో కలిపి ఏడుగురు బాలికలు మరణించిన వార్తలు వచ్చాయి. 2010లో పథకం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అనుమతులు తీసుకున్న తీరు మాత్రం తప్పని తేలింది. రెండు మాటలూ నిజమే. మొదటిదాన్ని మాత్రమే చెప్పేవారు ఆ పిల్లల తల్లిదండ్రులను అవమానిస్తారు. రెండవదాన్ని మాత్రమే చెప్పేవారు రాబోయే తరం పిల్లలకు రక్షణ లేకుండా చేస్తారు. పరాయి దేశంలో పిల్లల వైద్యుడు టీకా గురించి చెప్పినప్పుడు ‘మా పిల్లలకు అవసరం లేదండీ, మేం అలా పెంచలేదు’ అనే తెలుగు తల్లిదండ్రుల జవాబులో కూడా ఆ పాత ప్రశ్నే వేషం మార్చుకుని ఉంది. మంచివారికి రాదన్న నమ్మకం. పిల్లల నడవడి గురించి టీకా ఏ అభిప్రాయమూ చెప్పదు. ధనుర్వాతానికి సూదిమందు వేయించినంత మాత్రాన పిల్లవాడు తుప్పుమేకు తొక్కబోతున్నాడని ఎవరూ అనుకోరు కదా.

తిరిగి ఆ రెండు పుస్తకాల విషయానికి వస్తే, రెండింటిలోనూ ‘నాకే ఎందుకు’ అనే ప్రశ్న ఉండవలసినంత పెద్దగా లేదు. ఏకెట్స్‌కు 2007 చివరికి క్యాన్సర్ ఆనవాళ్లు లేవని చెప్పారు. రుచి వెంటనే రాలేదు. నెలలు గడిచాక మొదట తీపి తెలిసింది, ఆ తర్వాత మిగిలినవి ఒక్కొక్కటిగా వచ్చాయి. షడ్రుచులనూ పసివాడిలా వరుసగా నేర్చుకునే అవకాశం ముప్పై మూడేళ్ల వంటవాడికి దొరికింది. ఒక రుచి మరొక రుచితో కలిసినప్పుడు ఏం జరుగుతుందో ఆ విడివిడి రాకలోనే తనకు బాగా తెలిసిందని అతడు చెబుతాడు. 2008లో అమెరికా వంటవారికి దక్కే అత్యున్నత పురస్కారం, జేమ్స్ బియర్డ్ బహుమతి, అతనికి వచ్చింది. కొకోనస్ రాసిన అధ్యాయాలు మధ్యమధ్యలో రావడం వల్ల పుస్తకానికి మరొక బలం చేకూరింది. రోగి పక్కన నిలబడినవాడికి ఏం కనిపిస్తుందో కూడా అందులో ఉంది. లెక్కలు చూసే భాగస్వామి మిత్రుడి ప్రాణం కోసం వైద్యుల గుమ్మాలు తిరిగిన తీరు పుస్తకంలోని ఉత్తమభాగం. వంటశాల ఆశయాల గురించిన తొలి అధ్యాయాలు కొంత సాగదీతగా అనిపిస్తాయి. ఓపికగా దాటవలసిందే.

ఈబర్ట్‌కు ఏదీ తిరిగి రాలేదు. ఆయన తినలేకపోవడం గురించి రాసిన పేజీలు అన్నిటికంటే విలువైనవి. చిన్ననాడు తాగిన రూట్ బీర్ చల్లదనం ఎంతో స్పష్టంగా జ్ఞాపకానికి వస్తుందని, ఆ జ్ఞాపకంతోనే దాహం తీర్చుకుంటానని చెబుతారు. తిండి లేకపోవడానికి కొంతకాలానికి అలవాటుపడ్డారు. పోగొట్టుకున్నది తిండి కాదని, భోజనాల బల్ల దగ్గరి కబుర్లనీ, నవ్వులనీ, వాదనలనీ తెలుసుకున్నారు. దవడ లేని ముఖాన్ని 2010లో పత్రిక ముఖాముఖి కోసం దాచుకోకుండా ఫొటో తీయించుకున్నారు. జబ్బు మనిషి దాక్కోవాలన్న అలిఖిత నియమాన్ని ఆయన పాటించలేదు.

తెలుగువారికి ఆయన మాట సులువుగా అర్థం కావాలి. ఎదురైన మనిషిని క్షేమం అడగడానికి మన భాషలో ఉన్న సహజమైన మాట ‘భోంచేశారా’ అన్నదే. తల, మెడ క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారికి ఆ మాట మర్యాదగా మిగలదు, అసలైన ప్రశ్న అవుతుంది. నోరు పొక్కి ఉంటుంది, లాలాజలం ఎండిపోయి ఉంటుంది, పెరుగన్నం కూడా గొంతు దిగదు, ఇడ్లీ ఇసుకలా ఉంటుంది, బరువు వారం వారం తగ్గుతుంది. పరామర్శకు వెళ్లేవారు అతని అలవాట్ల చరిత్ర అడగడం మాని, ఏది మింగగలుగుతున్నాడో అడిగి, అది పలచగా, చల్లగా, కారం లేకుండా చేసి పట్టుకెళితే మేలు. అతడు పొగ తాగి ఉన్నా అంతే, తాగకపోయినా అంతే. మింగడానికి పడే బాధలో ఆ ఇద్దరికీ తేడా లేదు.